ప్రధానమంత్రి పదవియు, ఒక్క ఓటును

విజయవాడ నగరమునకు తూర్పు దిక్కున, బందరుకు పోవు మార్గము ప్రక్కన, ఆటోనగర్ అను పారిశ్రామికవాడ కలదు. 1966లో ఏర్పడిన ఈ వాడలో లారీలను, బస్సులను బాగుచేయు పనివారు వేలకొలది యున్నారు. ఒకచోట వెల్డింగు మెరుపులు మెరయుచుండును. ఒకచోట లారీకి క్రొత్త బాడీ కట్టుచుందురు. వేరొకచోట కమాను కట్టలు విప్పి నేలపై పఱచి యుంతురు. లారీ యెంత బరువు మోసినను ఆ బరువు ఇరుసు మీదికి దిగునది ఈ కమాను కట్టల మూలముననే. పొడవు, పొట్టి పట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ రంధ్రము చేసి, ఒక్క బోల్టుతో కూర్తురు. పనివారు దానిని సెంటర్ బోల్టు అందురు. పట్టీలలో ఒకటి విరిగినను బండి ఎట్లో మెల్లగా ఇల్లు చేరవచ్చును. ఆ బోల్టు తెగినచో పట్టీలు జరుగును, ఇరుసు చోటు తప్పును, బండి ఒక ప్రక్కకు లాగుకొనిపోవును.

ప్రజాప్రభుత్వములో మంత్రివర్గమును ఇట్టి కట్టయే. ఒక మంత్రి రాజీనామా చేసినచో వేరొకడు వచ్చి ఆ శాఖను చూచుకొనును. ప్రధానమంత్రి రాజీనామా చేసినను, మరణించినను, మంత్రులందఱి పదవులును ఒక్కసారిగా ముగియును. రాష్ట్రములలో ముఖ్యమంత్రి స్థానము కూడ అట్టిదే. ఇంత ముఖ్యమైన పదవికి కాలపరిమితి యెంత అని అడిగినచో, చట్టములో జవాబు దొరకదు. శాసనసభకు అయిదేండ్ల గడువు కలదు. రాష్ట్రపతికి అయిదేండ్ల గడువు కలదు. ప్రధానమంత్రికి మాత్రము అట్టి గడువేదియు లేదు. సభలో సగముకంటె ఎక్కువమంది ఆయనను నమ్మినంతకాలము ఆయన ప్రధాని. మఱునాడు వారిలో కొందఱు లేచి అవతలి ప్రక్క కూర్చుండినచో ఆ పదవి అంతటితో సరి. మన రాజ్యాంగములో కేంద్ర మంత్రివర్గమును గూర్చి 75వ అధికరణము, రాష్ట్ర మంత్రివర్గములను గూర్చి 164వ అధికరణము ఈ నియమమునే చెప్పుచున్నవి.

ఈ నియమము ఎంత కఠినమైనదో తెలిసికొనుటకు తెలుగువారికి దూరము పోనక్కఱలేదు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి చరిత్రయే చాలును.

ప్రకాశం పంతులుగారు 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమందలి వినోదరాయునిపాలెములో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడపి పిల్లలను పెంచిరి. ఆ కాలమున గౌరవకుటుంబములోని స్త్రీ ఆ పనికి పూనుకొనుట యెంత కష్టమో నేటి పిల్లలు ఊహింపలేరు. ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారు అను ఉపాధ్యాయుడు ఆ బాలుని తెలివిని గుర్తించి, రాజమహేంద్రవరము తీసికొనిపోయి చదివించెను. ప్రకాశంగారు వకీలై, పురపాలక సంఘాధ్యక్షులై, పిమ్మట ఇంగ్లండు పోయి బారిష్టరై, మద్రాసు హైకోర్టులో విశేషముగా ధనమార్జించిరి. 1921లో ఆ వృత్తిని విడిచిపెట్టి స్వరాజ్య పత్రికను స్థాపించిరి. గడించినదంతయు ఆ పత్రికకును, దేశసేవకును ఖర్చు పెట్టిరి. 1928 ఫిబ్రవరిలో సైమను సంఘము వచ్చినప్పుడు మద్రాసు వీథిలో పోలీసుల తుపాకులకెదురుగా ఱొమ్ము చూపి నిలిచిరి. ఆంధ్రకేసరి యను బిరుదు ప్రజల నోట నిలిచిపోవుటకు ఆ ఘట్టమే కారణము.

ఇట్టి మహాపురుషుడు 1946 ఏప్రిల్ 30వ తేదీన మద్రాసు రాజధానికి ప్రధానమంత్రి ఆయెను. నాడు రాష్ట్ర మంత్రివర్గ నాయకుని ప్రీమియర్ అనియు, ప్రధానమంత్రి అనియు పిలిచెడివారు. 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చిన తరువాతనే ముఖ్యమంత్రి యను పేరు స్థిరపడెను. కాంగ్రెసు పెద్దలు రాజగోపాలాచారిగారిని కోరినను, శాసనసభలోని కాంగ్రెసు సభ్యులు ప్రకాశంగారినే నాయకునిగా ఎన్నుకొనిరి. అనగా సభ్యుల బలమే ఆయనకు పదవి నిచ్చెను. తిరిగి తీసికొన్నదియు ఆ బలమే. ఆయన గ్రామములను ఫిర్కాలుగా తీసికొని అభివృద్ధి చేయ సంకల్పించిరి. క్రొత్త బట్టల మిల్లుల నాపి ఖద్దరును, చేనేతను నిలుపదలచిరి. ఒకరి మాట వినక తనకు తోచిన దారిని పోవు స్వభావము ఆయనకు మొదటినుండియు కలదు. సత్యాగ్రహములో ఆ స్వభావము శోభించెను. మంత్రివర్గము నడపునప్పుడు మాత్రము నూఱుమంది సభ్యుల మనస్సును కూడ ఎఱిగి మెలగవలెను గదా! పదునొకండు నెలలు గడువకముందే స్వపక్షము వారే అవిశ్వాసము తెలిపిరి. 1947 మార్చిలో ఆయన పదవి విడిచిరి. ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారు ఆ స్థానమునకు వచ్చిరి. మఱి అయిదు నెలలు ఆ పదవిలో ఉన్నచో, స్వాతంత్ర్యదినమున మద్రాసు కోటలో ప్రధానిగా ప్రకాశం పంతులుగారే ఉండెడివారు.

పొట్టి శ్రీరాములుగారు 58 దినములు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణములు విడిచిన పిదప, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరించెను. 81 ఏండ్ల ప్రకాశం పంతులుగారు ప్రజా సోషలిస్టు పక్షమును వీడి, కాంగ్రెసు మద్దతుతో దానికి తొలి ముఖ్యమంత్రి యైరి. సొంతముగా కచేరీ కట్టడములు కూడ లేని రాష్ట్రమది. మంత్రులు, ఉద్యోగులు గుడారములలో పనిచేసిన కాలమది. అట్టి స్థితిలో పదమూడు నెలలలో గుంటూరున హైకోర్టు ఏర్పడెను. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ఏర్పడెను. కృష్ణకు 1855 నాటికి కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగిపోగా, దాని స్థానమున విజయవాడయొద్ద క్రొత్త బ్యారేజీకి 1954లో శంకుస్థాపన జరిగెను. డెల్టా రైతునకు ఇందలి చివరి పనియే ప్రాణము. 12 లక్షల ఎకరములకు పైగా భూమి ఆ నీటి మీద ఆధారపడి యున్నది.

అంతలో మద్యనిషేధము సమస్య తలయెత్తెను. మద్రాసు రాష్ట్రమునుండి ఆ చట్టము ఆంధ్రకు వారసత్వముగా వచ్చెను. తాటిచెట్లు, ఈతచెట్లు గీచి బ్రదుకు గీతకార్మికులు వృత్తి పోయి, కుటుంబములతో అలమటించుచుండిరి. గౌతు లచ్చన్నగారు వారి పక్షమున ఉద్యమము నడపిరి. చట్టము సక్రమముగా అమలు జరుగుటలేదనియు, రద్దుచేయుట మేలనియు రామమూర్తి సంఘము నివేదించెను. మద్యనిషేధము గాంధీ మహాత్ముని ఆశయమని, దానిని వీడరాదని మఱికొందఱు పట్టుపట్టిరి. రెండు వైపులను మంచి కారణములు కలవు. కూలి పోయిన వాని కుటుంబమునకు ఆశయము అన్నము పెట్టదు. త్రాగి యిల్లు గుల్ల చేసికొనువాని భార్యకు ఆ చట్టమొక్కటే అండ. ప్రభుత్వము చట్టమును రద్దు చేయుటకు పూనుకొనలేదు. 1954 నవంబరులో ప్రతిపక్షములు అవిశ్వాస తీర్మానము తెచ్చినవి. చర్చ ముగిసి ఓట్లు లెక్కించిరి. ఒక్క ఓటు తేడాతో మంత్రివర్గము ఓడిపోయెను.

ఆ ఒక్క ఓటు ఎవరిదని నాడు పలువురు ఆరా తీసిరి. ఆ ప్రశ్నకు అర్థము లేదు. అన్ని ఓట్లును సమానమే. లెక్కలో చివర వచ్చినది మాత్రమే మన కంటబడును. 82 ఏండ్ల వృద్ధుడు, ఱొమ్ము చూపి తుపాకులను వెనుకకు త్రిప్పినవాడు, ఆ లెక్కయెదుట తల వంచి రాజీనామా నిచ్చెను. రాష్ట్రములో రాష్ట్రపతి పాలన వచ్చెను. 1955లో ఎన్నికలు జరిగి బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి యైరి. 1957 వేసవిలో ప్రకాశం పంతులుగారు ఒంగోలు ప్రాంతమున ఎండలో తిరిగి, వడదెబ్బ తగిలి, మే 20న హైదరాబాదు ఆసుపత్రిలో పరమపదించిరి. ఆ సంవత్సరాంతమున బ్యారేజీ పూర్తియయ్యెను. దానికాయన పేరు పెట్టిరి. తరువాత చాలకాలము, కనకదుర్గ వారధి కట్టువరకు, ఆటోనగర్‌లో బాగుపడిన లారీలు మద్రాసు వైపు పోవలెనన్న ప్రకాశం బ్యారేజీ మీది వంతెనయే దారి.

ఢిల్లీలోను ఇట్టి లెక్కలు జరిగినవి. 1991 జూన్ 21న భారత ప్రధానమంత్రియైన తొలి తెలుగువాడు పాములపర్తి వేంకట నరసింహారావుగారు. ఆయన పక్షమునకు లోక్‌సభలో పూర్తి సంఖ్యాబలము లేకుండెను. 1993 జూలై 28న వచ్చిన అవిశ్వాస తీర్మానమునకు అనుకూలముగా 251, ప్రతికూలముగా 265 ఓట్లు పడి ప్రభుత్వము నిలిచెను. ఆ ఓట్లలో కొన్నింటిని ధనమిచ్చి కొనిరను అభియోగము న్యాయస్థానములకెక్కెను. క్రింది న్యాయస్థానము 2000లో ఆయనను దోషి యనగా, ఢిల్లీ హైకోర్టు 2002లో నిర్దోషి యని తీర్పు చెప్పెను. ఒక్కొక్క ఓటునకు ఇంత విలువ యున్నచోట దానికి వెల కట్టువారును పుట్టుట సహజము. 1999 ఏప్రిల్ 17న అటల్ బిహారీ వాజపేయిగారి ప్రభుత్వము 269కి 270 ఓట్లతో, అనగా ఒక్క ఓటుతో, పడిపోయెను. ఒరిస్సా ముఖ్యమంత్రియై యుండియు లోక్‌సభ సభ్యత్వమును వదలని గిరిధర్ గమాంగ్ ఓటు చెల్లునా యను ప్రశ్న ఆనాడు వచ్చెను. సభాపతి కోనసీమవాసి జి. ఎం. సి. బాలయోగిగారు. ఆయన ఆ సంగతిని ఆ సభ్యుని అంతరాత్మకే విడిచిరి. గమాంగ్ ప్రభుత్వమునకు వ్యతిరేకముగా ఓటు వేసెను. బాలయోగిగారు 2002 మార్చి 3న కృష్ణాజిల్లా కైకలూరు ప్రాంతమున హెలికాప్టరు కూలి మరణించిరి.

ఒక్క ఓటు ఎక్కువైనచో ఒకరు గెలుతురు, ఒకరు ఓడుదురు. రెండు వైపులను సరిసమానముగా వచ్చినచో ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానము భూగోళము ఆవలి వైపున, కరీబియను సముద్రములోని ఒక చిన్న దేశములో దొరకును.

దక్షిణ అమెరికా ఖండమునకు ఉత్తరమున, వెనిజులా తీరమున కెదురుగా ట్రినిడాడ్, టొబాగో అను రెండు దీవులు కలవు. రెండును కలిసి ఒకే దేశము. వైశాల్యము 5,128 చదరపు కిలోమీటర్లు. విభజనకు పూర్వపు మన కృష్ణాజిల్లాయే 8,727 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్యయు సుమారు 14 లక్షలే. ఆంగ్లేయుల పాలనలో అచ్చట చెఱకుతోటలు విరివిగా నుండెను. బానిసత్వము రద్దయిన పిదప తోటపనికి కూలీలు కావలసివచ్చి మన దేశమునుండి ఒప్పందము మీద జనులను ఓడలలో తీసికొనిపోయిరి. ఫతెల్ రజాక్ అను తొలి ఓడ 1845 మే 30న ఆ తీరము చేరెను. 1917 వరకు ఈ ప్రయాణములు సాగినవి. అధికసంఖ్యాకులు కలకత్తా రేవునుండి పోయిన హిందీ ప్రాంతములవారు. మద్రాసు రేవునుండి పోయినవారిలో తమిళులును తెలుగువారును కలరు. అచ్చట వారినందఱిని మద్రాసీలనియే పిలిచిరి. తరములు గడచునప్పటికి ఏ యింటివారు ఏ యూరినుండి వచ్చిరో చెప్పుట కష్టమాయెను.

మద్రాసు రాజధానికి వచ్చినట్లే ఆ దీవులకును ఆంగ్లేయుల పార్లమెంటు పద్ధతి వచ్చెను. 1962 ఆగస్టు 31న దేశము స్వతంత్రమాయెను. తొలి ప్రధాని ఎరిక్ విలియమ్స్ చరిత్రకారుడు. ఆయన 1981లో మరణించువరకు ఆ పదవిలో నుండెను. 1976లో దేశము గణతంత్రమై, రాణి స్థానమున రాష్ట్రపతి వచ్చెను. ప్రతినిధిసభలో అధికసంఖ్యాకుల మద్దతు గల పక్షనాయకుని రాష్ట్రపతి ప్రధానిగా నియమింపవలెను. అట్టి నాయకుడు స్పష్టముగా లేనప్పుడు, మద్దతు పొందగలడని తనకు తోచిన సభ్యుని నియమింపవచ్చును. చాలకాలము ఈ రెండవ మాట పుస్తకములోనే యుండెను.

1995 ఎన్నికలలో 36 స్థానములకుగాను రెండు పెద్ద పక్షములకు 17 చొప్పున వచ్చెను. మిగిలిన రెండును చిన్న దీవియైన టొబాగోవి. అవి మాజీ ప్రధాని ఆర్థర్ రాబిన్సన్ పక్షమునకు దక్కినవి. రాబిన్సన్ తన మద్దతును బాస్‌దేవ్ పాండేకు ఇచ్చెను. కూలీల సంతతివాడును, చెఱకుతోటల కార్మికసంఘ నాయకుడును అగు పాండే ఇట్లు ఆ దేశమునకు భారతసంతతికి చెందిన తొలి ప్రధాని యాయెను. తరువాత 1997లో రాబిన్సన్ రాష్ట్రపతి యాయెను. 2000 ఎన్నికలలో పాండే పక్షము 19 స్థానములతో గెలిచెను. ఒక యేడు గడువకముందే ఆ పక్షములోనివారే ముగ్గురు ఎదురుతిరిగిరి. 1947లో మద్రాసున ప్రకాశం పంతులుగారికి ఎదురైన గతియే ఇది. పాండే సభను రద్దుచేయించి మఱల ఎన్నికలకు పోయెను.

2001 డిసెంబరు 10న ఓట్లు లెక్కించగా పాండే పక్షమునకు 18, ప్యాట్రిక్ మానింగ్ నాయకత్వమందలి పక్షమునకు 18 స్థానములు వచ్చెను. మూడవ పక్షమునకు ఒక్క స్థానమును రాలేదు. ఎవరిని నియమించినను అంగీకరింతుమని నాయకులిరువురును ముందు ఒప్పుకొనిరి. భారమంతయు రాబిన్సన్‌పై పడెను. పాండే అప్పటికే ప్రధాని. ఆయననే కొనసాగించుట ఉచితమని కొందఱు తలంచిరి. రాబిన్సన్ నైతిక, ఆధ్యాత్మిక విలువలను కారణముగా చూపి డిసెంబరు 24న మానింగును నియమించెను. ఆఱేండ్ల క్రిందట పాండేను గద్దె నెక్కించిన చేయి ఇదియే గదా! పాండే ఆ నియామకమును అన్యాయమని త్రోసిపుచ్చెను.

మానింగ్ ప్రధాని యయ్యెను గాని, ఆయన బలమును పరీక్షించు సభయే నడువలేదు. సభ మొదట సభాపతిని ఎన్నుకొనవలెను. సభాపతి లేనిదే ఏ కార్యమును సాగదు. 2002 ఏప్రిల్‌లో సభ కూడెను. ఏ పేరు చెప్పినను 18 మంది ఔననిరి, 18 మంది కాదనిరి. ఆగస్టులో మఱల కూడి అట్లే చెదరిరి. బడ్జెటు ఆమోదింపవలసిన కాలము దగ్గఱపడుచుండెను. సభ యనుమతి లేక ప్రభుత్వము ఖజానానుండి ఎంతకాలము ఖర్చు పెట్టగలదు? చేయునది లేక సభను రద్దుచేసి 2002 అక్టోబరు 7న ఎన్నికలు జరిపిరి. మానింగ్ పక్షమునకు 20, పాండే పక్షమునకు 16 వచ్చెను.

కర్నూలున ఓడిన ప్రకాశం పంతులుగారి స్థితి మేలా, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో గెలువక ఓడక తొమ్మిది నెలలు కూర్చున్న మానింగ్ స్థితి మేలా యని విద్యార్థులు తర్కించుకొనవచ్చును. పంతులుగారిని సభ పరీక్షించి కాదనెను. మానింగును ఔననుటకుగాని కాదనుటకుగాని సభకు నోరే లేకపోయెను. ప్రజల ప్రతినిధులు కాదన్నందున పదవి పోవుట ఆ పదవి పద్ధతిలోనిదే. ప్రతినిధులు అడుగకుండ పదవి సాగుట మాత్రము ఆ పద్ధతికే వెలుపలిది. ఆ తొమ్మిది నెలలు ఆ దేశములో అల్లరులు చెలరేగక, నాయకులు తుదకు ఓటరులయొద్దకే పోవుట మెచ్చదగినది.

2007 ఎన్నికలనాటికి ఆ సభలో స్థానములు 41 ఆయెను. బేసిసంఖ్య యగుటచే, అందఱును హాజరై రెండు పక్షములే యున్నచో సరిసమానము కాజాలదు. 2010లో మానింగును ఓడించి కమలా పర్సాద్ బిసెసర్ ఆ దేశపు తొలి మహిళా ప్రధాని యాయెను. ఆమె ముత్తాత 1889లో బీహారులోని భేలుపూర్ గ్రామమును విడిచి కూలిగా ఓడ నెక్కినవాడు. 2012లో ఆమె ఆ గ్రామమునకు వచ్చి చూచిపోయెను. 2015లో ఓడి ప్రతిపక్షమున కూర్చుండెను. పాండే 2024 జనవరి 1న గతించెను. 2025 ఏప్రిల్ 28న జరిగిన ఎన్నికలలో బిసెసర్ పక్షము 41లో 26 స్థానములు గెలువగా, మే 1న ఆమె రెండవసారి ప్రమాణస్వీకారము చేసెను.